బతికున్నవాడి సిలువ

లిబ్రాదా సెసేన్యాకి కోపమెక్కువని మా వాగు పొడుగునా అందరూ చెప్పుకుంటారు. చెప్పుకునేవాళ్ళలో ఒక్కరైనా ఆ కోపం దేనికని అడిగిన పాపాన పోలేదు. నాకు అడగాల్సిన పని పడలేదు, కళ్ళారా చూశాను. జీనులు కుట్టుకునే నా పాక వాగు గట్టు మీదే ఉంది. ఆవిడ ఎవర్ని తిట్టడానికి పోవాలన్నా నా పాక ముందు నుంచే పోవాలి. దారిలో ఉన్నాను కాబట్టి నన్నూ నాలుగు తిట్టి పోయేది. నాకేం బాధ లేదు. నా మటుకు నాకు ఆవిడ తిట్టాల్సినదానికంటే తక్కువే తిట్టిందనిపిస్తుంది.

మా వాగు పేరు లాస్ పాలోమాస్. బాహా కాలిఫోర్నియా దక్షిణపు కొసన కొండలు దిగివచ్చే వాగుల్లో ఇదొకటి. వాగన్న మాటే గానీ ఏడాదిలో ఎక్కువ రోజులు ఒట్టి ఇసుక. నీళ్ళు ఇసుక కింద ఉంటాయి, చెలమ తవ్వితే ఊరతాయి. ఆ అడుగునీళ్ళ మీద బతికేది ఎన్సీనో, మా ఓక్ చెట్టు. కొండ పైన చల్లదనంలో పెరిగే ఓక్‌లు వేరే జాతి. ఇది మాత్రం ఈ కొండల కింది వాగుల్లో తప్ప ఇంకెక్కడా లేదంటారు. దీని నీడన పశువులు పడుకుంటాయి, ఆడవాళ్ళు బట్టలుతుకుతారు, పెళ్ళి విందులు జరుగుతాయి. దీని కాయలు పిల్లలు ఏరుకుని వేయించుకు తింటారు, మిగిలినవి పందులకి పోస్తాం. ఇంత ఊడిగం చేయించుకుని తిరిగి దానికి మేం చేసింది మాత్రం సున్నా.

లిబ్రాదా ఇంటి దిగువన వాగు మలుపులో ఒక పెద్ద ఎన్సీనో ఉండేది. ఆవిడా, తమ్ముడు అబుందియో దాని కొమ్మల మీదే పెరిగారు. ఒక ఏడు తుఫానుకి వరదొచ్చి దాన్ని వేళ్ళతో సహా పెకలించి పడేసింది. అందరూ అయ్యో అన్నారు. అయ్యో అన్న నోటితోనే గొడ్డళ్ళు పట్టుకుపోయి దొరికినంత కట్టె కొట్టుకున్నారు. లిబ్రాదా మటుకు ఎగువ నుంచి దిగువ దాకా వాగంతా నడిచి చూసి, నా పాకలోకి వచ్చి కూలబడింది.

"ఒరే హెనారో, నువ్వెప్పుడన్నా పిల్ల ఎన్సీనోని చూశావా?"

"పిల్లదంటే ఏంటక్కా?"

"పిల్లదంటే పిల్లదే. మోకాలంత, నడుమంత. ఒక్కటి. చూశావా?"

చాలాసేపు ఆలోచించాను. చూడలేదు. మా నాన్న కూడా చూసి ఉండడు. వాగులో ఉన్నవన్నీ ముసలి చెట్లే, మా తాతల చిన్నప్పటికే ముసలివి.

"ఏటా గంపలకొద్దీ కాయలు రాలతాయి, అవన్నీ ఏమైపోతున్నాయిరా?" అంది. జవాబు కూడా తనే చెప్పింది. "మనం తింటాం. మనం వదిలేస్తే పంది తింటుంది. పంది కన్నుగప్పి ఏదన్నా మొలిస్తే మేక కొరుకుతుంది. దాని బిడ్డలందర్నీ మింగేసి దాని కిందే కూచుని గిటార్లు వాయించుకుంటన్నాం. సిగ్గులేని జాతిరా మనది."

ఆ మలుపులోనే మళ్ళీ ఒక ఎన్సీనోని పెంచుతానని ఆ పూటే ఒట్టు పెట్టుకుంది. అప్పటికే ఆవిడ మొగుడు కోస్మె పోయి కొన్నేళ్ళయింది, పిల్లల్లేరు. ఆ ఇంట్లో ఆవిడతో పాటు ఒక పంది, కొన్ని కోళ్ళు, ఆ ఒట్టు.

మొదటి తప్పు మాత్రం తనదే. ఏ విత్తనాన్నయినా మేం గుడ్డసంచిలో కట్టి పొయ్యి మీద పొగ తగిలేలా వేలాడదీస్తాం. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి, అన్నీ అంతే. పురుగు పట్టదు. రైతుల పునీతుడు ఇసిద్రో పండగనాడు దించి విత్తుతాం. లిబ్రాదా కూడా ఎన్సీనో కాయలు ఏరి, కడిగి, సంచిలో కట్టి శ్రద్ధగా పొగకి వేలాడదీసింది. పండగనాడు తీసి మలుపులో పాతింది, రోజూ నీళ్ళు పోసింది. ఒక్కటీ మొలవలేదు. తవ్వి చూస్తే లోపల పప్పు నల్లగా ఎండి గలగలమంటోంది. మళ్ళీ ఏడూ అదే పని చేసింది, అదే జరిగింది. అబుందియో ఈ సంగతి కనపడ్డ ప్రతివాడికీ వింతలా చెప్పి నవ్వాడు.

ఆ చిక్కుముడి విప్పింది ఆవిడ పందే. వానలు పడే రోజుల్లో రాలిన పచ్చికాయల్ని పందికి పోస్తే, కొన్ని నీళ్ళతొట్టి కింద బురదలోకి దొర్లాయి. తొట్టి జరిపినప్పుడు చూస్తే ప్రతి కాయకీ తెల్లటి వేరు దిగి ఉంది. ఆకు ఇంకా రానే లేదు, వేరు మాత్రం జానెడు. ఈ కాయ ఆరితే చస్తుంది. రాలీరాలగానే, తడి మీదే మట్టిలో పడాలి. వేసవి వచ్చేలోపు వేరు అడుగునీళ్ళని అందుకోవాలి. రెండేళ్ళు పొగబెట్టి చంపానని లిబ్రాదా ఆ పంది ముందే నిలబడి తనని తాను ఎన్ని తిట్లు తిట్టుకుందో, పంది బిత్తరపోయి మూలకి పోయి నక్కింది.

ఆ వానలకే మలుపులో పచ్చికాయలు నాటింది. మొలిచాయి! నన్ను చెయ్యి పట్టి లాక్కుపోయి చూపించింది. బెత్తెడు మొక్క, గట్టి ఆకులు, అంచులకి ముళ్ళు. ఆవిడ నవ్వగా చూసింది నేను ఆ ఒక్కరోజే.

పండగ విందుకి వాగు జనమంతా చేరినప్పుడు లిబ్రాదా లేచి నిలబడి, ఆ మలుపు చుట్టూ కంచె వేసుకుంటానంది. తింటున్న చేతులు ఆగిపోయాయి. మాలో ఒక పద్ధతుంది. మేకని కట్టేసే అలవాటు లేదు, ఎవడు మొక్క వేస్తే వాడే కంచె వేసుకోవాలి. కంచె లేని మొక్కని మేక తింటే తప్పు మొక్కవాడిదే. దానితో పాటు ఇంకో పద్ధతుంది. వాగులో ఎవడూ కంచె వెయ్యకూడదు. వాగు పశువులకి నీళ్ళ దారి, అది అందరిదీ.

"ఇంటి దగ్గర వేసుకో అక్కా, కావలిస్తే నేనే కంచె కడతా," అన్నాడు అబుందియో, నోట్లో ఎండుమాంసం నములుతూ.

"ఇంటి దగ్గర బండరాయిరా! వేరెక్కడికి దిగుతుంది, నీ నెత్తిలోకా? అది వాగుచెట్టు, వాగులోనే పెరుగుద్ది."

"అయితే వాగులో ఉండనీ. మా మేకలు కూడా వాగులోనే ఉంటాయి."

అందరూ నవ్వారు. వాగులో కంచె వెయ్యకూడదు, కంచె లేని మొక్కకి దిక్కులేదు. చెట్టేమో వాగులో తప్ప బతకదు. ఇంత అందమైన ఉరితాడు పేని దానికి పద్ధతి అని పేరు పెట్టుకున్నాం. వాళ్ళ నవ్వుకి నాకు ఒళ్ళు మండిపోయింది. లిబ్రాదా తన పళ్ళెం తీసి కుక్కలకి పెట్టేసి వెళ్ళిపోయింది.

ఆ మొక్కల మీద ముళ్ళకొమ్మలు కప్పి చూసింది. అబుందియో మందకి ముందు నడిచే తెల్లమొహం మేక ఒకటుంది. దానికి ముళ్ళంటే లెక్కలేదు. ఒక పొద్దున లిబ్రాదా వెళ్ళేసరికి ముళ్ళన్నీ పక్కకి లాగేసి ఉన్నాయి, మొక్కలు మొదలంటా కొరికేసి ఉన్నాయి. మిగిలిన పుల్లలు పీక్కుని నేరుగా తమ్ముడింటికి పోయింది. అబుందియో, వాడి పెళ్ళాం చోనా పెద్ద గిన్నెలో మేకపాలు తోడుపెట్టి జున్ను చేసుకుంటున్నారు. నేను జీను పట్టీలు ఇవ్వడానికి వెళ్ళి కాఫీ తాగుతున్నాను. లిబ్రాదా వస్తూనే ఆ పుల్లల్ని, వాటి వేళ్ళకున్న మన్నుతో సహా, పాలగిన్నెలో పడేసింది.

"ఏందక్కా ఇది! పొద్దుటి పాలన్నీ!" అని అరిచాడు అబుందియో.

"సగం తిని వదిలిపెట్టాయి నీ మేకలు. మిగతాది నువ్వు తిను."

"కంచె వేసుకోలేదు, తప్పు నీది!"

"వాగులో కంచె వెయ్యనిచ్చావా? చెట్టు ఊపిన ఉయ్యాల్లో పెరిగావు గదరా, ఒక్క పిల్లని బతకనివ్వడానికి నీకు చేతులు రావా?"

"నాకు మేకలు కూడు పెడతాయి. చెట్టు ఏం పెడుతుంది?"

"నాకు తమ్ముడు లేడు. పోయాడు," అంది లిబ్రాదా. అని గుమ్మం దాటి పోయింది.

అదేదో కోపంలో అన్న మాటనుకున్నాం. తర్వాతి వానలకి ఆవిడ మళ్ళీ కాయ నాటింది. ఈసారి ఒకే ఒక్కటి. అది మొలకెత్తగానే మెస్కీట్ అనే ముళ్ళచెట్టు చెక్కపలక ఒకటి పట్టుకుని నా పాకకి వచ్చింది.

"దీని మీద పేరు కాల్చిపెట్టు. లోతుగా."

జీనుల మీద యజమానుల పేర్లు నేనే కాలుస్తాను. సిలువల మీద కూడా నేనే. మా దగ్గర మనిషి ఎక్కడ ప్రాణం వదిలితే అక్కడ ఒక సిలువ నాటి, చుట్టూ చిన్న కటకటాలు పెడతారు. దాన్ని ఎవరూ ముట్టుకోరు, దాటిపోయేవాళ్ళు టోపీ తీస్తారు.

"అయ్యో, ఎవరు పోయారక్కా?"

"అబుందియో సెసేన్యా."

"పొద్దున్నే వాడితో కలిసి కాఫీ తాగాను!"

"నువ్వు తాగుంటావు. నాకు మటుకు పోయాడు. కాల్చు."

"వాడు నా కొంపాద్రె అక్కా. వాడి కొడుకు నికనోర్‌ని బాప్తిస్మంలో పట్టుకున్నది నేను. బతికున్నవాడి పేరు సిలువ మీద ఎలా కాల్చమంటావు?"

"నీ కొంపాద్రెకేం కాదు, దుక్కలా ఉన్నాడు. ఏరా, ఉప్పు పట్టించి ఆరేసిన తోళ్ళని నీ కొంపాద్రె మేకలు నమిలేసినప్పుడు వాడు నీకేం చెప్పాడు?"

కంచె వేసుకోలేదు, తప్పు నీదే అన్నాడు. నేను ఇనప కడ్డీ నిప్పుల్లో పెట్టాను. ఇప్పటికీ చెబుతున్నాను, చాలా ఇష్టంగా కాల్చాను ఆ అక్షరాలు.

కటకటాల కోసం ఆవిడ తన పెళ్ళినాటి ఇనప మంచం విప్పేసింది. తలవైపు ఒకటి, కాళ్ళవైపు ఒకటి, పక్క కమ్మీలు రెండు, అన్నీ వాగులోకి మోసి మొక్క చుట్టూ నిలబెట్టి తీగతో బిగించింది. లోపల ఆ పేరుపలక కొట్టిన సిలువ. ఆ రోజు నుంచి ఆవిడ గోనెగుడ్డ మడతమంచం మీదే పడుకుంది. ఇది కంచె కాదు, కాబట్టి ఎవరూ నోరెత్తడానికి లేదు. చనిపోయినవాడి గుర్తుకి వాగేమిటి, రోడ్డేమిటి, ఎక్కడైనా చోటుంది.

అబుందియో కంచరగాడిద మీద వచ్చి దిగి, సిలువ చూసి, ఒంటికాలి మీద లేచాడు. లిబ్రాదా గట్టు మీదే నిలబడి ఉంది.

"నేను సచ్చానా? ఏయ్, నేను సచ్చానా?"

"ఇష్టం లేకపోతే పీకెయ్."

వాడు కమ్మీ దాటి చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. సిలువ పీకిన మనిషి మా కొండల్లో ఎవడూ లేడు. అందులోనూ తన పేరున్న సిలువ! ఈలోపు చోనా పరిగెత్తుకొచ్చి మొగుడి చొక్కా పట్టి వెనక్కి లాగింది. "ముట్టుకోవద్దు! నీకు దండం పెడతా, ముట్టుకోవద్దు, దాన్ని పీకితే నిన్ను పిలిచినట్టే!"

అక్కణ్ణుంచి వాడికి మొదలైంది అసలు బాధ. ఎగువ పల్లెలవాళ్ళు దారిలో సిలువ చూసి టోపీలు తీసి, చోనాని ఓదార్చడానికి ఏడుపు మొహాలతో దిగేవాళ్ళు. గుమ్మంలో చుట్ట కాలుస్తూ అబుందియో కనపడేవాడు. ఎవరో పుణ్యాత్మురాలు కొవ్వొత్తి వెలిగించి పోయింది. అన్నిటికంటే మేకలతో వచ్చింది తంటా. తెల్లమొహం మేక కమ్మీల మీద ముందుకాళ్ళు వేసి అబుందియో పేరు మీదుగా మెడ చాచడం చూసి చోనా గుండెలు బాదుకుంది. మేక తొక్కిన సమాధివాడికి పరలోకంలో కూడా నిద్ర ఉండదట. మర్నాటి నుంచి అబుందియో మలుపు దగ్గర కుక్కని కట్టేశాడు. అది చాలక తనే రాళ్ళు విసురుతూ తన మేకల్ని తనే తరిమేవాడు. తరుముతూ అక్కని తిట్టేవాడు. గట్టు మీద నుంచి అక్క తిరిగి తిట్టేది. అన్నేళ్ళలో వాళ్ళిద్దరి మధ్యా నడిచిన మాటలంటే అవే.

తర్వాత వానలు లేని కాలం వచ్చింది. తుఫాను కూడా మొహం చాటేసింది. చెలమలు లోతుకి పోయాయి, పశువులు చచ్చాయి. మొక్క అప్పటికి మోకాలు దాటింది, ఆకుల అంచులు మాడిపోసాగాయి. లిబ్రాదా నీళ్ళు మోస్తూ గట్టు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. మంచం లేని ఇంట్లో మడతమంచం మీద పడి, మొక్క ఎట్లా ఉందని వచ్చినవాళ్ళందర్నీ అరుస్తూ అడిగేది. నేను బిందెడు పోయబోతే, మలుపు దగ్గర అప్పటికే ఒక మనిషి చెలమ తవ్వుతున్నాడు. అబుందియో. నడుం దాకా గోతిలో ఉన్నాడు.

"చూస్తావేంటి, బకెట్ అందుకో," అన్నాడు. "చోనా పోరు పడలేకపోతన్నా. మొక్క ఎండితే నేను ఎండిపోతానంట. మొహం పచ్చబడిందంట. ఆ రాక్షసి నన్ను మొక్కకి కట్టేసింది కొంపాద్రె, గొడ్డుని గుంజకి కట్టేసినట్టు!"

భయంతోనే పోశాడు, కాదనను. కానీ వానలు పడి చెలమలు నిండాక కూడా పోస్తూనే ఉన్నాడు. వరద ఉధృతం తగ్గాలని ఎగువన బండలు పేర్చాడు. ఆకులకి పురుగు పడితే వేళ్ళతో ఏరాడు. ఎవరన్నా చూస్తే మాత్రం గట్టిగా అక్కని తిట్టేవాడు. లిబ్రాదా కర్ర పట్టుకుని నడవగలిగాక గట్టు దాకా వచ్చి, "మొదట్లో కాదురా మొద్దూ, దూరంగా పొయ్యి, వేరు వెతుక్కుంటుంది!" అని కేకేసేది. వాడు దూరంగా పోసేవాడు.

చెట్టు నా భుజమంత అయిన ఏడు, పాలు పితుకుతూ దొడ్లోనే అబుందియో కూలిపోయాడు. గుండె. ఊరి శ్మశానంలో వాళ్ళ అమ్మానాన్నల పక్కన పాతిపెట్టాం. లిబ్రాదా ఒక్క కన్నీటిచుక్క కార్చకుండా కర్ర మీద వాలి నిలబడింది. పాపాత్మురాలు, బతికుండగానే సిలువ నాటి చంపుకుందని ఆడవాళ్ళు ఆవిడకి వినపడేలాగే అనుకున్నారు. వాళ్ళ మొహాన ఉమ్మేయాలనిపించింది నాకు.

పాతిపెట్టడం అయ్యాక అక్కడే కాఫీ తాగుతూ నికనోర్ అన్నాడు: "నాన్నకి ఇక్కడ అసలు సమాధే ఉంది గదా, ఇంక వాగులో అది దేనికి? ఆ మంచం కమ్మీలు మేకపిల్లల దొడ్డికి సరిపోతాయి. ప్రార్థనలు అవగానే తీసేస్తా." అందరూ తలలూపారు. చచ్చినవాడు చచ్చాడు, ఇంక సిలువకి ఎవడు భయపడాలి? భుజమంత చెట్టంటే వెనక కాళ్ళ మీద లేచిన మేకకి ఒక పూట మేత.

శ్మశానం నుంచి నేను పాక చేరేసరికి లిబ్రాదా అక్కడే ఉంది. నల్లబట్టల్లో, చెప్పుల నిండా వాగు ఇసుక. నా బల్ల మీద, వాగులో సిలువ నుంచి ఊడదీసుకొచ్చిన అబుందియో పేరుపలక పడి ఉంది.

"కడ్డీ కాల్చు. నికనోర్ పేరు రాయి."

"అక్కా, వాడు నా జ్ఞానపుత్రుడు. ఇవాళే తండ్రిని పాతిపెట్టి వచ్చాడు. కనీసం తొమ్మిది రోజుల ప్రార్థనలన్నా కానీ."

"మేకలు తొమ్మిది రోజులు మైల పడతాయా?"

నిప్పులు రాజేశాను. పాత పేరు చెక్కేద్దామని కత్తి తీసి పలక మీద ఆనించానో లేదో, ఆవిడ కర్ర ఎత్తి నా మణికట్టు మీద ఒక్కటేసింది.

"గీశావంటే చెయ్యి విరగ్గొడతా. తిరగెయ్. వెనక వైపు రాయి."

"మరి వాడి పేరు?"

"చెట్టు వైపు ఉంటది. ఇన్నేళ్ళు నీళ్ళు పోసినోడు ఎవడో దానికి కనపడొద్దా?" అంది. అప్పుడు ఏడ్చింది, ఏడుస్తూనే తిట్టింది. "దౌర్భాగ్యుడు. చెట్టు మేకకి అందనంత ఎత్తన్నా ఎదగలేదు, ఎవర్నడిగి పోయాడురా? నేను నాటిన సిలువ ఉత్తుత్తిది అని తెలీదా ఆ మొద్దుకి? తెలిసీ పోశాడురా. తెలిసీ."

పలక తిరగేశాను. కడ్డీ ఎర్రబడింది. బాప్తిస్మంలో నేనే పలికిన ఆ పేరులో మొదటి అక్షరం పెడుతూ కడ్డీ గట్టిగా నొక్కలేదు, గీత పైపైనే పడింది. ఆవిడ కళ్ళు తుడుచుకుని వంగి చూసింది.

"ఇంకా లోతుగా కాల్చు," అంది. "వాడు కుర్రోడు. చాలాకాలం బతకాలి."